ముందు గుండీల చొక్కాలు

కుట్టుమిషను ఆపకముందే చెల్లి దుకాణంలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. రిపోర్టులు వచ్చిన ఈ నెల రోజుల్లో దాని మొహంలో నవ్వు చూడటం ఇదే మొదలు.

"అక్కా, రెండు చొక్కాలు కుట్టు. వదులుగా, ముందు గుండీలతో. ఆపరేషన్ అయ్యాక చేతులు పైకెత్తలేమట. నీకొకటి, నాకొకటి."

"నాకెందుకే?"

"ఎందుకేమిటి? జబ్బు రాకముందే రొమ్ములు తీయించేసుకుందాం. డాక్టరమ్మతో మాట్లాడి వచ్చాను. ఇద్దరికీ ఒకే రోజు, పక్కపక్క మంచాలు. నీ రిపోర్టు రేపు తెమ్మంది."

అమ్మను పొట్టనపెట్టుకున్న రొమ్ము క్యాన్సర్ తాలూకు జన్యువు మాకూ దిగిందేమోనని ఇద్దరం రక్తం ఇచ్చాం. చెల్లికి ఉందని తేలింది. ఆ రోజంతా అది గోడ వైపు తిరిగి పడుకుంది. "నా ఒక్కదానికేనా అక్కా?" అంది.

"నాకూ ఉందే" అన్నాను. అప్పుడు లేచి రెండు ముద్దలు తింది.

ఇప్పుడు టేపు అందుకుని, తనే నా ఛాతీ చుట్టూ పట్టింది. "నువ్వు తోడు లేకపోతే నేను ఒప్పుకునేదాన్నే కాదు. ముప్పై ఆరు. రాసుకో."

రాసుకున్నాను.

నా రిపోర్టు దారాల డబ్బా అడుగున ఉంది. నాకేమీ లేదని ఉంది అందులో. ఇవాళైనా చెప్పేద్దామని డబ్బా మూత మీద చెయ్యి వేశాను.

చెల్లి ఇంకా నవ్వుతూనే ఉంది.

"రెండూ ఒకే గుడ్డలో కుట్టనా?" అని అడిగాను.