పది నెలల సగటు

"ఇయ్యాల ఎంతున్నది?"

"నలభై నాలుగు," అంది గోదావరి పేపరు మడత విప్పుతూ.

"అయితే గొలుసు తియ్యి."

ధర తగ్గించి చెబితే మొగుడు జడుసుకొని షేర్లు కొనే ఊసెత్తడనుకుంది గోదావరి. తీరా చూస్తే ఆత్మారాం మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. షుగరుతో చూపు పోయిన కళ్లను ఆమె గొంతు వినిపించిన వైపు తిప్పి, చెయ్యి చాపాడు.

"ధర పడ్డదంటుంటె గొలుసెందుకు?"

"పడ్డందుకే. పది నెలల సగటు నలభై అయిదు. ఇన్నొద్దులు ధర దాని పైన్నే తిరిగింది. ఇయ్యాల కిందికొచ్చింది. అంటె షేరు దాని అసలు విలువకన్న అగ్గువకు దొరుకుతున్నట్టు. ఇంకో నూరు తీసుకోవాలె."

"రేపు ఇంకింత పడితే?"

"ఒక్క బండి చెరుకు తూచి చేను దిగుబడి చెప్తరా ఎవలన్న? సీజనంత తూచాలె. గిది సుత గంతే. ఒక్కనాటి రేటును నమ్మొద్దు, సగటును నమ్మాలె. నెలకో కొత్త రేటు చేరుతది, పాతది ఒకటి రాలిపోతది. గా సగటు పైకి పోతున్నంతకాలం కంపెనీ మంచిగున్నట్టే."

చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరుకు బండ్లు తూచీ తూచీ రిటైరైన మనిషి. కళ్లు పోయినా లెక్క పోలేదు. పది నెలాఖరు రేట్లను నోటికి పెట్టుకొని, కొత్తది కలిపి పాతది తీసేసి, చిటికెలో సగటు చెప్పేస్తాడు. పాపం, ఆ పదింటిలో ఆరు గోదావరి పుట్టించిన అంకెలే.

రిటైరైనప్పుడు వచ్చిన పైసలన్నీ పోసి అతను బొంబాయి వైపు ఒక కాగితం మిల్లు షేర్లు కొన్నాడు. చూపు ఉన్నన్నాళ్లూ రేట్లు తనే చదువుకునేవాడు. గుండెనొప్పితో అతను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే ఆ మిల్లు చతికిలబడింది. ఇంటికొచ్చాక మొదటిసారి పేపరు చదవమన్నప్పుడు, గోదావరికి కనిపించింది మూడు రూపాయలు. చావు తప్పి బయటపడ్డ మనిషికి ఆ మూడు ఎట్లా వినిపిస్తుంది? ముప్పై తొమ్మిది అని చదివింది.

అప్పటినుంచి ఆ పేజీ మొహం చూడడం మానేసింది. రోజూ పొద్దున్నే పేపరు గలగలలాడించి, నోటికొచ్చిన అంకె చెప్పడమే. ఇప్పుడు ఆ అబద్ధాలన్నీ కలిసి సగటై కూర్చున్నాయి. ఒక్కనాడు ధర తగ్గిస్తే, నేను కదలనంటోంది ఆ సగటు.

"మనకు మిగిలింది గదొక్కటే. ఆపదకుంటది," అంది గొలుసు మీద చెయ్యి వేసుకొని.

"పోయిన నెల డివిడెండు రాలే? గా పైసలతోనే గద నా ఇన్సులిన్ నడుస్తున్నది. గసొంటి కంపెనీని అనుమానిస్తే ఎట్ల?"

డివిడెండూ లేదు, పాడూ లేదు. పక్కింటి లింబయ్య చేత నిజామాబాదులో అమ్మించిన మూడు తులాల గొలుసు అది. ఇప్పుడు మెడలో వేలాడుతున్నది రోల్డుగోల్డు.

"రేపు సూద్దాం. ముందుగాల కార్ఖానకు పోయొస్త. నిన్న ఆదివారం బందుండె. రెండొద్దుల బీడీలు గంపల్నే ఉన్నయి."

"గంప కోసం లింబయ్య వస్తడు గద. గొలుసు సుత ఆయనకే ఇయ్యి. నిజామాబాదుల అమ్ముకొస్తడు."

అన్నట్టుగానే సైకిలు చప్పుడైంది. గుమ్మంలోకి వచ్చిన లింబయ్యకు విషయం చెప్పాడు ఆత్మారాం. లింబయ్య గోదావరి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"వదినె మెడల ఉండనియ్యన్నా," అన్నాడు నసుగుతూ.

"నువ్వు నడుమ మాట్లాడకు. తియ్యి గోదావరీ."

లింబయ్య చేతికి పోతే భయం లేదు, రేపు షేర్లు కొన్నామని ఇంకో అబద్ధం చెప్పి గట్టెక్కొచ్చు. చూపు లేని మనిషికి ఏం తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. గొలుసు తీసి లింబయ్య వైపు చాపింది.

"ఆయనకు కాదు. ముందుగాల నాకియ్యి."

ఇవ్వక తప్పలేదు. ఆత్మారాం గొలుసును అరచేతిలో పోసుకొని తూచినట్టు మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అతని మొహం నల్లబడింది. ఆ చెయ్యి ఎక్కడ గుండె మీదికి పోతుందోనని గోదావరి ఒక అడుగు ముందుకేసింది.

"నువ్వు పో లింబయ్యా. గొలుసు అమ్మేది లేదు," అన్నాడు చివరికి.

లింబయ్య గంప ఎత్తుకొని వెళ్లిపోయాడు. ఆత్మారాం ఆమె చెయ్యి వెతికి పట్టుకొని, గొలుసు అందులో పెట్టి గుప్పిట మూశాడు.

"నిన్న మీ కార్ఖాన బందుండె అన్నవ్ గద?"

"ఆఁ. ఆదివారం గద," అంది గోదావరి ఏమీ అర్థం కాక.

"షేర్ల బజారు సుత ఆదివారం బందే గోదావరీ. సోమారం పేపర్ల కొత్త రేటే ఉండది. ఆర్నెల్ల సంది నువ్వు సోమారం సోమారం సుత కొత్త రేటు సదువుతనే ఉన్నవ్. మరి గా డివిడెండు ఎవల మెడలకెల్లి వచ్చిందో తెల్సుకుందామనే గొలుసు అడిగిన."