నోటు మీది ముఖం

పండుగ నాటకం రిహార్సల్‌కి తెఫో వచ్చేసరికి, రాజు పీట మీద ఎవడో కూర్చుని ఉన్నాడు.

పైగా భుజాల మీద, రాజు వేషానికి తెఫో కప్పుకునే కంబళి!

"అచ్చం కరెన్సీ నోటు మీది మొషోషో రాజే!" ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటున్నారు.

తెఫోకి ఒళ్లు భగ్గుమంది. దేశాన్ని స్థాపించిన ఆ రాజు పేరిట ఏటా జరిగే పండుగలో ఆ వేషం అతనిదే. పిల్లలు నోటు చూపించి "ఇదిగో తెఫో మామ!" అంటే అతనికి కడుపు నిండిపోయేది.

"లే ముందు! ఎవడివి నువ్వు?"

"మొఖెతి అంటారన్నా. రాజధాని నుంచి వచ్చా. ఈ పీట, కంబళి ఎలా ఉంటాయో చూస్తున్నా." కొత్త మనిషి నవ్వుతూ లేచాడు.

"ఏం పని మీద?"

"ఊరి పెద్దకి చెప్పకుండా ముందే మీకు చెబితే మర్యాద కాదు కదా. ఆయన్ని రానివ్వండి."

మర్యాదట! పెద్దని బుట్టలో వేసుకుని వేషం కొట్టేద్దామనే కదూ?

భార్య నీయో కూడా ఊరుకోలేదు. "ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నీకంటే ఆయనకే కంబళి నప్పింది."

తెఫో విసురుగా మొఖెతి భుజాల మీంచి కంబళి లాగేసుకున్నాడు.

మొఖెతి మాత్రం తెఫో ముఖం మీంచి చూపు తిప్పడం లేదు.

"ఒక్కసారి మీరు కూర్చోండన్నా, చూస్తాను."

"నా వేషం లాక్కోవడానికి నా దగ్గరే పాఠాలా? పెద్దాయన కొండ మీద పశువుల దగ్గరున్నాడు, ఇప్పట్లో రాడు. అదిగో టాక్సీ, ఎక్కు!"

పెద్దాయన సాయంత్రానికి వస్తాడని తెఫోకి తెలుసు. తెలిసే అబద్ధమాడాడు.

మొఖెతి ఇంకోసారి అతని ముఖం చూసి, నిట్టూర్చి, టాక్సీ ఎక్కాడు.

తెఫో కంబళి దులిపి కప్పుకున్నాడు. పీట మీద దర్జాగా కూర్చున్నాడు. హమ్మయ్య అనుకున్నాడు.

పొద్దు వాలేవేళకి ఊరి పెద్ద గుర్రం దిగాడు.

"ఒరే తెఫో, మొఖెతి ఇక్కడ ఆగలేదా? పక్క ఊళ్లో ఎవర్నో కూర్చోబెట్టి బొమ్మ గీస్తున్నాడే!"

"నేనే తరిమేశానయ్యా. నా వేషం మీద కన్నేశాడు."

పెద్దాయన తల పట్టుకున్నాడు.

"నీ కుళ్లు తగలెయ్య! అతనికి నీ వేషమెందుకురా? వయసులో ఉన్న మొషోషో రాజుని కొత్త నోటు మీద గీసే చిత్రకారుడతను, ఆ బొమ్మకి నీ ముఖమే కావాలని నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు!"