చుక్క ఒలికితే ఇంటికే

మహేందర్ చేతిలో చాయ్ కప్పుతో బండి వెనక సీటు ఎక్కాడంటే పరీక్ష మొదలైనట్టే.

ఎల్బీనగర్‌లో బైకులు నడపడం నేర్పే బడి ఆయనది. కొత్త ట్రైనర్‌ని తీసుకోవాలంటే సర్టిఫికెట్లు అడగడు. పెద్ద అంబర్‌పేట్ అవతల, ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్‌లో ఖాళీ రోడ్డుంది. ఆదివారం పొద్దున సొంత బండేసుకుని అక్కడికి రమ్మంటాడు. నిండా పోసిన చాయ్‌తో వెనక కూర్చుంటాడు. ఒకటో గేరు నుంచి నాలుగో గేరు దాకా క్విక్ షిఫ్టర్ మీదే పోవాలి. అది తప్ప ఇంకే హంగూ వాడకూడదు. చుక్క ఒలికిందా, ఇంటికే.

క్విక్ షిఫ్టర్ ఉంటే గేరు మార్చడానికి క్లచ్ పట్టనక్కర్లేదు, యాక్సిలరేటర్ వదలనక్కర్లేదు. లివర్ మీద కాలు పడగానే ఇంజన్ రెప్పపాటు పట్టు వదులుతుంది. ఆ రెప్పపాటులో గేరు పడిపోవాలి. కాలు తటపటాయిస్తే బండి ఎగిరి తంతుంది.

ఆ ఆదివారం వచ్చింది ఇద్దరే. వనస్థలిపురం నుంచి మురళీకృష్ణ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అరుణశ్రీ. ఉన్నది ఒక్కటే ఉద్యోగం.

మురళీకృష్ణ బండి కొత్తది, జాకెట్ కొత్తది. అరుణశ్రీది సెకండ్ హ్యాండ్ బండి. రేసు బండ్లకు చేసినట్టు దాని గేర్లు తిప్పి పెట్టించుకుంది, పై గేరుకు పోవాలంటే కిందికి తొక్కాలి. మండే ఎండాకాలంలో కూడా మోకాళ్ల దాకా బూట్లేసుకుని దిగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ఆమె పని చేస్తోంది. పోచంపల్లి నేత ఇంటి పిల్ల. చీర అంచు చూసి అది ఏ ఇంటి మగ్గం మీద దిగిందో చెప్పేస్తుంది. అయినా చీరలు పరిచి చూపించే పని ఆమెకివ్వరు. "నువ్వు కూసో అరుణా" అని కౌంటర్ వెనక స్టూల్ వేస్తారు. ఇంట్లోనూ అదే మాట. పెళ్లికి పోతే మేనత్త లచ్చమ్మ పెళ్లికూతురి కన్నా ముందు ఈమెకే కుర్చీ తెప్పిస్తుంది. కూసో, కూసో, కూసో. ఆ మాట చెవిన పడితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ ఉద్యోగం వస్తే ఆ స్టూల్‌కు ఒక దండం పెట్టి వచ్చేయాలని చూస్తోంది.

మహేందర్ చెట్టు కింద కుర్చీ చూపించాడు.

"జర కూసో అమ్మా. ముందుగాల ఈ పిలగాడు నడుపుతడు."

"నిలబడే ఉంట సార్."

మురళీకృష్ణ బండి వెనక్కి తీశాడు. అద్దంలో తన జుట్టు చూసుకున్నాడు గానీ వెనకున్న మనిషిని చూసుకోలేదు. చక్రం వచ్చి అరుణశ్రీ ఎడమ బూటు మీదికెక్కి ఆగింది.

"అయ్యయ్యో! సారీ అండీ! దెబ్బ తగిలిందా?"

ఆమె ముఖంలో గీత కూడా కదల్లేదు.

"ముందు బండి తియ్. బూటు ఖరాబైతది."

గట్టి పిండమే అనుకున్నాడు మహేందర్.

మురళీకృష్ణ బాగానే బయల్దేరాడు. కానీ గేరు పడ్డాక కూడా కాలు లివర్ మీదే ఆనించి ఉంచాడు. క్విక్ షిఫ్టర్‌కు అది గిట్టదు. మూడో గేరు దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపింది. చాయ్ అంతా మహేందర్ ప్యాంటు తాగింది.

"తొక్కితె తొక్కు, లేకుంటె కాలు తియ్. గట్ల ఆనిచ్చి పెడితె ఎట్ల బై?"

"అలవాటైపోయిందండీ" అన్నాడు మురళీకృష్ణ, తల గోక్కుంటూ.

రెండో కప్పు నిండింది. అరుణశ్రీ బండి కదిలింది.

ఆమె కాలు లివర్‌కు తగలకుండా పైన ఆగి ఉంది. దిగింది. టక్. మళ్లీ పైకి లేచింది. దిగింది. టక్. మోకాలి దగ్గర నుంచి కాలు మొత్తం ఎత్తుతోంది, మొత్తం దించుతోంది. అలా తొక్కేవాళ్లను మహేందర్ తన ఇరవయ్యేళ్ల సర్వీసులో చూడలేదు. యాక్సిలరేటర్ మీద చెయ్యి బిగించింది బిగించినట్టే ఉంది. నాలుగో గేరు పడింది. చాయ్ మీద కట్టిన మీగడ చెదరలేదు.

మహేందర్ బండి దిగి, ఆ చాయ్ తాగి, అప్పుడు నోరు తెరిచాడు.

"యాడ నేర్చినవమ్మా గిట్ల తొక్కుడు?"

"మా నాయనమ్మ మగ్గం కాడ సార్. సగం తొక్కితె దారాల నడుమ సందు తెరుసుకోదు, అటు ఇటు ఉరికే నాడె తగిలి పోగులు తెగుతయ్. తొక్కితె మొత్తం తొక్కాలె, వదిల్తె మొత్తం వదలాలె అంటది."

"మరి గేరు పడ్డదని కాలికి ఎట్ల తెలుస్తది?"

"కాలికి తెల్వది. చెవులకు తెలుస్తది."

మురళీకృష్ణ గబగబా ముందుకొచ్చాడు. ఉద్యోగం కళ్ల ముందే పోతోంది మరి.

"సార్, ఏమనుకోకండి. మనిషి కాలు అంత కచ్చితంగా పడదండీ. ఆ బూట్లో ప్లేటో స్ప్రింగో ఏదో పెట్టుకొచ్చింది. ఇంకే హంగూ వాడకూడదని మీరేగా అన్నారు!"

మహేందర్ ఆమె ఎడమ బూటు వైపు చూశాడు. చక్రం ఎక్కినా ఉలకని బూటు ఆయనకు గుర్తొచ్చింది.

"విప్పి సూపియ్యమ్మా. లోపట నీ కాలు తప్ప ఇంకేం లేకుంటె నౌకరీ నీదే. రేపే రా."

"మాట తప్పరుగా సార్?"

"తప్పను. గా కుర్చీల కూసొని ఇప్పు."

"నిలబడే ఇప్పుత."

అరుణశ్రీ బండికి ఆనుకుని, మోకాలి కింద పట్టీలు రెండూ విప్పి, ఎడమ బూటును లోపలి కాలితో సహా ఊడదీసి మురళీకృష్ణ చేతుల్లో పెట్టింది.