కొండ మీద కాకి

"ఈ బొమ్మ మా అల్లుడు భానుప్రకాష్ వేశాడండీ!"

గానుగ నూనె కొట్టు ప్రారంభానికి వచ్చిన జనం ముందు కొట్టు యజమాని గోపాలకృష్ణయ్య ఆ మాట అనేసరికి శ్రీవల్లికి ఒళ్ళు మండిపోయింది. నరసరావుపేట బజారులో కొత్త కొట్టు. గుమ్మం పక్కన మనిషెత్తు ఫ్లెక్సీ. అందులో మూడు శిఖరాల కోటప్పకొండ, కొండ కింద గానుగ, గానుగ తిప్పే ఎద్దు. రేపటి నుంచి డబ్బాలన్నిటి మీదా అదే బొమ్మ. ఆ ఎద్దు కంట్లో మెరుపు తెప్పించడానికే మూడు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుంది ఆ పిల్ల.

పోనీలే అని ఊరుకునే రోజు కూడా కాదది. ఊరి ప్రభ కమిటీ పెద్ద త్రికోటేశ్వరరావు తాంబూలం పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈ బొమ్మ వేసిన చేతికే శివరాత్రి ప్రభ బొమ్మ అప్పజెప్పాలని కమిటీ తీర్మానం. వెదురు గడలతో కట్టి, బొమ్మలతో అలంకరించి తిరునాళ్ళకి కొండ దగ్గరికి తీసుకెళ్ళే నూరడుగుల ప్రభ! కొండకొచ్చిన జనమంతా మెడలు విరిగేలా తలెత్తి చూసే ప్రభ! తాంబూలం ఎవరందుకుంటే ఆ పని వాళ్ళది.

శ్రీవల్లి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. పొద్దున బయల్దేరుతుంటే తను వద్దన్నా వినకుండా నాయనమ్మ కృష్ణవేణమ్మ చెంపకి పెట్టిన దిష్టిచుక్క చెమటకి కారుతోంది.

"ఏంది బాబాయ్ ఆ మాట? ఆ బొమ్మ వేసింది నేను కదా!"

"నువ్వా? ఏదీ, కాయితం ఉందా?"

"కాయితమేంది? 'మన పిల్లవే, మనకి కాయితాలెందుకు' అన్నది మీరు కాదూ?"

గోపాలకృష్ణయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అన్నాను. నువ్వడిగింది చేతిలో పెట్టాను. ఇంక బొమ్మ నాది. నాదయ్యాక ఎవరు వేశారని చెప్పుకుంటానో నా ఇష్టం." మళ్ళీ నిటారుగా నిలబడి జనానికి వినపడేలా అన్నాడు. "మా అల్లుడు వేసిచ్చిందాన్ని ఈ అమ్మాయి కాస్త దిద్దిందిలెండి. అంతే!"

"అబద్ధం! ఇదుగో, ఫోన్లో చూడండి, మొదటి గీత నుంచీ..."

"ఫోన్లో ఎవరి బొమ్మయినా ఉంటదమ్మాయ్. నా ఫోన్లో తాజ్ మహల్ ఉంది. నేనే కట్టానా?"

జనం గొల్లుమన్నారు. పట్టు చొక్కాలో ఉక్కిరిబిక్కిరవుతున్న భానుప్రకాష్ మామగారి కళ్ళల్లోకి చూసి తలూపాడు. "అవునండీ. కొండ కొస నుంచి ఎద్దు తోక దాకా ప్రతి గీతా నాదే."

త్రికోటేశ్వరరావు ఇబ్బందిగా కదిలాడు. "నీ మాట నమ్మాలనే ఉంది తల్లీ. రుజువు లేకపోతే నేనేం చేసేది?" అంటూ పళ్ళెం భానుప్రకాష్ వైపు తిప్పాడు.

అప్పుడు వినపడింది కేక.

"ఓరి నాయనో! కొండ మీద కాకి!"

అందరూ అటు తిరిగారు. చూపు ఆనదని అప్పటిదాకా ఫ్లెక్సీకి ముక్కు ఆనించి చూస్తున్న కృష్ణవేణమ్మ గుండెలు బాదుకుంటోంది. నిజమే! నడిమి శిఖరం మీద గోరంత నల్లటి కాకి. ముక్కుంది, తోక కూడా ఉంది.

కోటయ్య స్వామి కొండ మీద కాకి వాలదు. పలనాట్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"అపచారం!" త్రికోటేశ్వరరావు పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. "గోపాలకృష్ణయ్యా, ఈ డబ్బా ఏ ఇంట్లోకి రానిస్తారయ్యా? దీపంలో పోస్తారా ఈ నూనె? ఎవడు గీశాడిది?"

శ్రీవల్లి తెల్లబోయింది. "నా బొమ్మలో కాకెక్కడ..." అనబోయేలోపల నాయనమ్మ ఆమె కాలు గట్టిగా తొక్కింది.

"నేను కాదండీ!" భానుప్రకాష్ రెండడుగులు వెనక్కేశాడు. "నాకు సరిగ్గా సున్నా చుట్టటం కూడా రాదు. ఆ అమ్మాయే వేసింది!"

"అవునండీ, ఆ అమ్మాయే!" గోపాలకృష్ణయ్యకి చెమటలు పట్టాయి.

"కాకి మాత్రమేనా?" అడిగాడు త్రికోటేశ్వరరావు.

"మొత్తం!"

"ఏందబ్బాయ్, కాస్త గట్టిగా చెప్పు. నాకు చెవుడు" అంది కృష్ణవేణమ్మ.

గోపాలకృష్ణయ్య బజారు చివరిదాకా వినపడేలా అరిచాడు. "కొండ ఆ అమ్మాయిది! గానుగ ఆ అమ్మాయిది! ఎద్దు ఆ అమ్మాయిది! మా వాడు ఒక్క గీత గీసుంటే ఒట్టు! కోటయ్య సాక్షి!"

"విన్నారుగా అందరూ?" కృష్ణవేణమ్మ జనం వంక ఒకసారి కలయజూసి, కొంగు తడిచేసుకుని శిఖరం మీద గట్టిగా రుద్దింది. కాకి పోయింది. కొండ కడిగిన ముత్యంలా మెరిసింది. "అయ్యో నా చూపు మండిపోను! ఏందో మసి అంటుకున్నట్టుంది నాయనా, కాకీ లేదు, గీకీ లేదు."

గోపాలకృష్ణయ్యకి ఇక మాట మార్చే దారి లేదు. ఒట్టు పెట్టుకున్నాడాయె, అదీ కోటయ్య మీద! త్రికోటేశ్వరరావు పొట్ట పట్టుకుని నవ్వి, పళ్ళెం తీసుకొచ్చి శ్రీవల్లి చేతుల్లో పెట్టాడు. "ప్రభ నీదేనమ్మా. ఈసారి కాయితం రాసుకుందాం."

పళ్ళెం అందుకుని శ్రీవల్లి ఓరగా నాయనమ్మ వంక చూసింది. ముసలమ్మ కాటుక భరిణె బొడ్లో దోపుకుంటోంది. చూపుడువేలి కొస ఇంకా నల్లగానే ఉంది.