మొదటి పొట్టేలు

షానవాజ్ ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు.

కత్తి నూరడం, చేతి మీద గీసి చూడడం, మళ్ళీ నూరడం. పండగ ఇంకా వారం ఉందనగా మొదలుపెట్టాడు. పెళ్ళికూతురు కూడా అన్నిసార్లు అద్దం చూసుకోదు.

నగరి పట్టణంలో వాళ్ళ చుట్టుపక్కల నాలుగు వీధులకీ బక్రీదు కుర్బానీ కోత అంటే వాడి తండ్రి షఫీవుల్లా చెయ్యే. మొన్న చలికాలం పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యి చచ్చుబడింది.

ఈసారి నా కొడుకు కోస్తాడని ఆయన ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడు. అందరూ సరేనన్నారు. కొందరు సరేనంటూనే షానవాజ్‌ని ఎగాదిగా చూశారు. ఆ చూపే వాడి నిద్ర తినేసింది.

దుకాణంలో మాంసం కొట్టడం వాడికి కొత్త కాదు. పండగ కోత వేరు. ఇంట్లో మనిషిలా పెంచుకున్న జీవాన్ని, ఇంటిల్లిపాదీ చూస్తుండగా, దానికి నొప్పి తెలిసేలోపు పంపించాలి. తేడా వచ్చిందంటే ఆ ఇళ్ళు వచ్చే ఏడు ఇంకొకరివి.

తల్లి రహిమున్నీసా పళ్ళెం పెట్టి పిలిచి పిలిచి విసిగిపోయింది. వాడు రాయి ముందు నుంచి లేస్తే కదా.

"సాల్లేరా. తెగే కత్తిని ఇంకా నూరితే వాదర పలచబడిపోతాది. పో, పండుకో," అన్నాడు షఫీవుల్లా.

ముసలాయనకి చాదస్తం అనుకున్నాడు షానవాజ్. చాదస్తం ఎవరిదో పండగ పొద్దున్నే తేలింది.

మొదటి ఇల్లు బట్టల వ్యాపారి నిస్సార్‌ది. నమాజు నుంచి వచ్చి, తెల్ల జుబ్బా మార్చుకోకుండానే వాకిట్లో నిలబడ్డాడు. ఆయన తమ్ముళ్ళిద్దరూ పొట్టేలును పడమటి దిక్కుకి తిప్పి పడుకోబెట్టి కాళ్ళు పట్టుకున్నారు.

దుఆ చదివి, షానవాజ్ కత్తి ఆన్చి లాగాడు.

ఉన్ని తెగింది. తోలు తెగింది. అక్కడ వాదర మడుచుకుపోయింది.

అప్పటికైనా ఆగకుండా లాగి ఉంటే సరిపోయేది. సరిగ్గా తెగిందా లేదా అని చూడ్డానికి వాడు చెయ్యి ఎత్తాడు.

పొట్టేలు లేచింది.

ఒక తమ్ముడి మూతి పగిలేలా తన్ని, ఇంకొకణ్ణి గోడకేసి కొట్టి, సగం తెగిన గొంతుతో వీధిలోకి దూకింది. నిస్సార్ జుబ్బా మీద, గోడ మీద, ఆడవాళ్ళు నిలబడ్డ గుమ్మం మీద రక్తం చిమ్మింది.

అరవాలని నోరు తెరుస్తోంది పాపం. అరుపు రావడం లేదు. మెడలోంచి గాలి వస్తోంది.

షానవాజ్ పరిగెత్తి కొమ్ములు పట్టుకున్నాడు. అది వాణ్ణి మగ్గాల వీధి దాకా ఈడ్చుకుపోయింది. నేతపని చేసే భారతమ్మ వాకిట్లో, తడి ఆరని ముగ్గు మీద, ముందుకాళ్ళు మడిచి కూలబడింది.

వెనకే షఫీవుల్లా కాలీడ్చుకుంటూ వచ్చాడు. సంచిలోంచి రోజువారీ దుకాణం కత్తి తీశాడు. మెడ మీద మోకాలు ఆన్చి, అల్లా పేరు చెప్పి, ఎడమచేత్తో ఒక్క లాగు లాగాడు.

అయిపోయింది.

అదే చేత్తో కొడుకు చెంప పగలగొట్టాడు. నెత్తుటి వేళ్ళు ఐదూ అచ్చుపడ్డాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కత్తి ఇనుము మంచిది కాదని గొణిగాడు షానవాజ్. రెండో దెబ్బ పడింది.

"అది నీకు పరీచ్చ పేపరు కాదురా. పేణం," అన్నాడు షఫీవుల్లా. "నీ పేరు కోసం నూరినావు. దాని కోసమైతే, ఎంటిక తెగినప్పుడే నిలిపేసి పండుకునుంటావు."

నిస్సార్ రొప్పుతూ వచ్చి ఒకటే అడిగాడు, కుర్బానీ చెల్లుతుందా అని.

"పేణంతో ఉండంగానే కోసినాను. సెల్లుతాది. పాపం మాత్రం మా ఇంటిది."

కాసేపట్లో ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరే వేరే కసాయిని పిలుచుకుంటామని చెప్పారు. షఫీవుల్లా ఎవరినీ బతిమాలలేదు. పిలుచుకోండి అన్నాడు.

భారతమ్మ బిందెడు నీళ్ళు పోసి వాకిలి కడిగింది. లోపల్నుంచి సంగటి, నంజుకోడానికి ఊరిబిండి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"తిను నాయనా," అంది షానవాజ్‌తో.

వాడు ఏడుస్తూ తిన్నాడు. తిని, అక్కడే అరుగు మీద ఒరిగి నిద్రపోయాడు. ఎదురింట్లో మగ్గాలు దడదడలాడుతున్నా కదల్లేదు.

తండ్రి లేపలేదు. ఇంకా పిలిచే ఇల్లు ఒక్క గుల్నాజ్ బీది. ఆవిడ ఫోన్ చేస్తే, పిల్లోడు పండుకోనుండాడు, లేసినాక వస్తామన్నాడు.

ఎండ మొహాన పడ్డాక వాడు తనంతట తనే లేచాడు. మొహం కడుక్కున్నాడు. ఇద్దరూ గుల్నాజ్ బీ ఇంటికి నడిచారు.

గుల్నాజ్ బీ ముసలావిడ. పొట్టేలు చిన్నది. షానవాజ్ చెయ్యి చాస్తే అరచెయ్యి నాకింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు.

మనవలు దాన్ని మెల్లగా పడుకోబెట్టారు. తండ్రి ఇచ్చిన దుకాణం కత్తే వాడి చేతిలో ఉంది.

షఫీవుల్లా గేటు దగ్గరికి వెళ్ళి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

వెనక కొడుకు 'బిస్మిల్లా' అనడం వినబడింది.

ఆయన తల తిప్పలేదు. దారిన పోయే రైతునెవరినో ఆపి, ఈ ఏడు మామిడికాయ ధర ఎట్టుండాదని కొడుక్కి వినబడేలా గట్టిగా అడిగాడు.