పెన్సిలు బీరువా

"ఏమప్పా బసప్పా! నా ఇంట్లో నన్నడక్కుండా బీరువా చేసేదానికి నీకెన్ని గుండెలు?"

పద్మావతమ్మ అరుపు కదిరి బజారు వీధి చివరిదాకా వినిపించింది. వడ్రంగి బసప్ప చేతిలోని పొట్లం కాగితాన్ని ఆమె లాక్కుంది. దాని మీద పెన్సిలుతో గీసిన బీరువా బొమ్మ ఉంది. రెండు తలుపులు, లోపల అరలు, కింద సొరుగు, తలుపుకు తాళం.

తిట్టబోతూనే ఆమె ఆ గీతల వెంట వేలు జరిపింది.

"చెయ్యి తిరిగినోడివేనప్పా. ఎంత పొందిగ్గా గీసినావు!"

"గీసింది నేను కాదమ్మా. మీ కోడలమ్మ."

తలుపు పక్కన నిలబడ్డ ఆదిలక్ష్మి ఒకడుగు వెనక్కి వేసింది. అత్త ముఖం అప్పుడే మాడిపోయింది.

"అదే అనుకుంటి! ఏమే, ఈ పొట్టి కాళ్ళేంది? చెదలు ఎక్కేదానికా? ఇది గీతనా, పాము పోయిన జాడనా?"

"కాళ్ళు పెంచుతాలే అత్తా."

"నోరు ముయ్యి. తాళమెందుకు? నా ఇంట్లో దొంగలుండారా?"

ఆ ఇంట్లో తాళాలన్నిటి చెవులూ పద్మావతమ్మ నడుముకే వేలాడేవి. పుట్టింటి చీర కట్టుకోవాలన్నా ఆదిలక్ష్మి ఆమెనే అడగాలి. తనదని చెప్పుకోవడానికి జానెడు చోటు కోసమే ఆ బొమ్మ గీసింది.

"నావి పెట్టుకుందామని అత్తా," అంది ధైర్యం చేసి.

"ఓహో! నీవీ నావీ అయినాయా అప్పుడే? ఈ మాట నేనంటే మా అత్త నాలిక తెగ్గోసేది."

పద్మావతమ్మ బసప్ప జేబులోని పెన్సిలు పీక్కుని బీరువా కాళ్ళు బెత్తెడు పెంచింది. కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. ఇంకో తప్పు దొరకలేదు. ఆ కోపంతో కోడలి వైపు చూసి పళ్ళు నూరింది.

"చెయ్యప్పా. వానల్లేక మా చేన్లో యాపమాను ఎండిపోయింది, దాన్ని కొట్టు. తాళానికి చెవులెన్నొస్తాయి?"

"రెండమ్మా."

"ఒకటి దీని మొగాన కొట్టు."

రెండోది ఎవరి నడుముకు పోతుందో ఆదిలక్ష్మికి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండోది నా కండ్ల ముందరే సుత్తితో నుజ్జు చెయ్యి. బాయిలో ఏసేవు, నీళ్ళు గూడా లేవు, దిగి తెచ్చుకుంటా నేను!"