డబ్బాతో వచ్చే కథ

గత జులై తొమ్మిదిన నవాగామ్‌లోని తెలుగు మగ్గం కార్మికులు మధ్యాహ్నం తిన్నది పచ్చిపులుసు, గుడ్ల కూర. తిరిగొచ్చిన ఆ భోజనం డబ్బాలు ఇంకా కడగకముందే, వండి పంపిన సుభాషిణి గదిలోకి అక్కడి తెలుగువాళ్ల సంఘం పెద్ద లింగమూర్తి చెప్పులతోనే వచ్చాడు. అతని వెంట వచ్చిన పదిమంది వాకిట్లో ఆగిపోయారు.

"ఇయ్యాల్టితోని పొయ్యి ఆర్పెయ్" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకా? మొగునికి అన్నంల మందు పెట్టి జైలుకు వోయినదానివి. నీ చేతి కూడు మా పోరగాళ్లు తినాల్నా?"

"పద్నాలుగేండ్లు శిక్ష పడితే పడ్డ. బయటికొచ్చి ఏడాది సంది వండిపెడుతున్న. ఒక్కనికన్న కడుపు నొచ్చిందా? ఇయ్యాలనే యాదికొచ్చిందా నీకు?"

లింగమూర్తి జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. సుభాషిణి రోజూ డబ్బా మూత కింద పెట్టే కథ అది. జైల్లో రాయడం మొదలుపెట్టిన తన కథనే రోజుకో పేజీ చొప్పున జిరాక్స్ తీయించి పంపుతోంది. మగవాళ్లు తింటూ చదివి, ఇళ్లకు పట్టుకుపోతున్నారు. ఆ కాగితం కోసమే పక్క బస్తీ ఉన్ నుంచి కూడా డబ్బాలు అడుగుతున్నారు.

"ఇదేంది? మొగుడు కొట్టిండట, ఈమె ఓర్చుకున్నదట. నల్లా కాడ ఆడోళ్లందరికి గిదే ముచ్చట. సంసారాలు ఖరాబ్ చేస్తున్నవ్."

"కొట్టనోని సంసారం నా కథతోని ఎట్ల ఖరాబైతది?"

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లింగమూర్తి ముఖం కందిపోయింది. కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపి, ఆమె తడిపి పెట్టుకున్న రొట్టెల పిండిలో పోశాడు.

సుభాషిణి గరిటె పక్కన పెట్టింది. "పిండి మీద కోపమేంది లింగమూర్తీ? నేను జేసింది తప్పని జడ్జి ముంగట నేనే ఒప్పుకున్న. కొట్టినోడు ఎవని ముంగట ఒప్పుకున్నడు? రాస్త. వండుత. ఏం జేస్తవో చేస్కో."

"సేఠ్‌తోని చెప్పి తెల్లారేసరికి రూం ఖాళీ చేయిస్త, చూడు."

"రూం పోతే రోడ్డు మీద పెడ్త పొయ్యి."

గుంపులోంచి ఆగయ్య అనే ముసలి కార్మికుడు ముందుకొచ్చి, కడిగి తెచ్చిన తన డబ్బాను గట్టు మీద పెట్టాడు.

"రేపు నాది పొద్దటి పాళీ డ్యూటీ. జర జల్దీ కట్టు బిడ్డా" అని, లింగమూర్తి వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు. చివరికి లింగమూర్తి కూడా తిట్టుకుంటూ పోయాడు.

సుభాషిణి పిండిలోంచి కాగితం ముక్కలు ఏరింది. అన్నీ రాలేదు. ఆ పిండిని తీసుకుపోయి వీధి చివర ఆవుకు పెట్టి, కొత్త పిండి తడిపింది. ఎంత పిసికినా కోపం దిగలేదు.

చీకటి పడుతుండగా, ఇక తలుపు వేద్దామని లేచేసరికి గుమ్మంలో లింగమూర్తి. ఈసారి ఒక్కడే ఉన్నాడు.

సుభాషిణి గరిటె అందుకుంది. "ఇంకేం మిగిలింది చింపనీకి?"

అతను వీధిలోకి అటూ ఇటూ చూశాడు. లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తనే తలుపు మూశాడు.

"రూం ఎక్కడికీ పోదు గాని, రేపటి సంది నాక్కూడ ఒక డబ్బా కట్టక్కా" అన్నాడు. "నీ కథ సదివిన కాన్నుంచి మా ఆమె తనల తనే నవ్వుకుంట అన్నం వడ్డిస్తున్నది."